సవరణ: లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను బిగించే పద్ధతి

కారులో అరిగిన లోయర్ ఆర్మ్‌ను (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది కడ్డీని) ఇంట్లోనే మార్చుకోవడం గురించి ఇంతకుముందు రాసినప్పుడు, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బుష్ (ఆర్మ్ చట్రానికి కలిసే చోట ఉండే రబ్బరు కీలు) బోల్టులను పూర్తిగా బిగించవచ్చని చెప్పాను. అది నా పొరపాటు. తయారీదారుల సర్వీస్ మాన్యువల్స్ సాధారణంగా చెప్పేదాని ప్రకారం, బోల్టులను ముందు వదులుగా పట్టించి, బండి బరువు చక్రాల మీద పడి ఆర్మ్ తన మామూలు ఎత్తుకు వచ్చాకే టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) నిర్దేశించిన మేరకు బిగించాలి. చాలా బుష్‌లలో రబ్బరు లోపలి లోహపు గొట్టానికి అతికి ఉంటుంది కనుక, వేలాడే స్థితిలో బిగిస్తే బండిని కిందికి దించగానే ఆ రబ్బరు మెలితిరిగి, బండి నిలిచి ఉన్నప్పుడు కూడా ఆ ఒత్తిడిలోనే ఉండి, త్వరగా చిరుగుతుంది. నేను చెప్పినట్టు బిగించినవారు ఆ బోల్టులను వదులు చేసి తిరిగి బిగించుకోవాలి. ఒకసారికే పనికివచ్చే బోల్టులైతే కొత్తవి వేయాలి. వీల్ అలైన్‌మెంట్ గురించి రాసిన భాగంలో మార్పేమీ లేదు.