మహారాజశ్రీ 6581 గారి సముఖమునకు

మహారాజశ్రీ సిడ్ 6581 చిప్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మీ విషయంలో ఆ మాట ధైర్యంగా రాయలేకపోతున్నాను. నలభై ఏళ్ళు దాటిన వయసులో, 12 వోల్టుల మీద నడుస్తూ, వేలు పెడితే చురుక్కుమనేంత వేడెక్కే మీరు ఏ పూట కన్నుమూస్తారో తెలియక, మీ యజమానులు మీ వీపున అల్యూమినియం రెక్కలు అంటించి, క్షణక్షణం తడిమి చూసుకుంటున్నారు. అయినా మీకు ఇంతటి వైభవం మీ యౌవనంలో కూడా లేదు. అప్పుడు మీరు కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటరులో శబ్దం పుట్టించే ఒక విడిభాగం మాత్రమే. ఇప్పుడు ఆ కంప్యూటరే మీకు పల్లకీ అయింది.

మీ పుట్టుక గురించి మీ భక్తులు చెప్పేది విన్నవారు అది ఏదో యజ్ఞఫలం అనుకుంటారు. నిజానికి మీరు తొందరలో పుట్టినవారు. 1982 జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగే ప్రదర్శనకు కంప్యూటరును చూపించి తీరాలన్న పట్టుదలతో, 1981లో ఎమ్‌ఓఎస్ టెక్నాలజీ సంస్థలో బాబ్ యానెస్ అనే యువ ఇంజినీరు కొద్ది నెలల్లో మిమ్మల్ని రూపొందించారు. అప్పటి కంప్యూటర్లలోని శబ్దపు చిప్‌లు సంగీతం తెలియనివారు చేసినవని ఆయన అభిప్రాయం. అందుకే మీకు మూడు గొంతులు, ఒక్కో గొంతుకు నాలుగు రకాల తరంగాలు, స్వరం పుట్టుక నుంచి సమసిపోయే దాకా దిద్దుకునే వీలు, వీటన్నిటి మీదా ఒక ఫిల్టరు ఇచ్చారు. 1982లోనే బ్రిటన్‌లో బయటికొచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే మరో ఇంటి కంప్యూటరు ఒంటి గొంతుతో బీప్ మంటుంటే, మీరు 595 డాలర్ల యంత్రంలో కూర్చుని సింథసైజర్ అనిపించుకున్నారు. ఇంతవరకు నాకు మీ మీద పేచీ లేదు.

పేచీ మీ లోపాల దగ్గర. మరికొంత సమయం ఉండి ఉంటే ఫిల్టరును ఇంకా బాగా తీర్చేవాడినని, గొంతు శబ్దాన్ని సున్నాకు తగ్గించినా కొంత లీకవుతూ ఉండే జబ్బును పోగొట్టేవాడినని యానెస్ గారే తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. మీ ఫిల్టరు ఒక్కో చిప్‌లో ఒక్కోలా పలుకుతుంది. ఒకరి ఇంట్లో గంభీరంగా మోగిన పాట మరొకరి ఇంట్లో ముక్కు దిబ్బడ వేసినట్టు వినిపిస్తుంది. ఇక శబ్దస్థాయిని మార్చినప్పుడల్లా మీరు చేసే టిక్కుమనే చప్పుడు సంగతి చెప్పనక్కరలేదు. శుద్ధంగా అది మీ తయారీలో తప్పు. కానీ ఆ టిక్కులను సెకనుకు కొన్ని వేలసార్లు వేయించి మీచేత డప్పులు కొట్టించవచ్చని, మాటలు కూడా పలికించవచ్చని కొందరు మహానుభావులు కనిపెట్టారు. తర్వాత మీ తమ్ముడు 8580 ఆ తప్పును దిద్దుకుని పుట్టాడు. అతని దగ్గర ఆ డప్పులు చెవి ఆనించి వినవలసినంత సన్నగా మోగాయి. దానికి జనం ఏం చేశారో తెలుసా? ఒక రెసిస్టరును టంకం పెట్టి అతికించి, పోయిన తప్పును మళ్ళీ తెచ్చుకున్నారు. మన లోకంలో ఏ దోషానికైనా ఇంతటి గౌరవం దక్కిందా?

ఈ కాలపు కొనుగోలుదారుల వరస మరీ విచిత్రం. మీ నెత్తిన అచ్చైన తయారీ వారం, సంవత్సరం చూసి, మీరు ఏ విడత నమూనా, ఆర్2నా, ఆర్3నా, ఆర్4నా అని ఆరా తీసి, అప్పుడు గానీ ధర మాట్లాడరు. జాతకాలు కుదరనిదే పెళ్ళిచూపులకు కదలని పెద్దల తీరు ఇది. కమొడోర్ సంస్థ 1994లోనే దివాలా తీసింది. మిమ్మల్ని కొత్తగా చేసేవారు లేరు. స్వీడన్‌కు చెందిన ఎలెక్ట్రాన్ సంస్థ 1999లో మిమ్మల్ని పొదిగి సిడ్‌స్టేషన్ అనే వాద్యాన్ని తయారుచేసింది గానీ, మీ నిల్వలే దానికి ఆయుష్షు అయ్యాయి. కొరత ఉన్నచోట మోసం ఉండకుండా ఎలా ఉంటుంది? మరేదో చిప్ మీద పాత రాత చెరిపి మీ పేరు అచ్చేసి అమ్మేవారు బయలుదేరారు. నకిలీకి కూడా నోచుకున్నారంటే మీరు నిజంగా పెద్దమనుషులైపోయినట్టే.

ఇంత శ్రమపడి మిమ్మల్ని తెచ్చుకున్నవారు మీతో ఏం చేస్తున్నారన్నది అసలు ప్రశ్న. వారి ల్యాప్‌టాప్‌లలో లెక్కలేనన్ని ట్రాకులు, తెరవని ప్లగిన్‌లు, ముగియని పాటలు ఉన్నాయి. ఆ సమృద్ధి తమను పాడుచేసిందని, మూడే గొంతులుంటే మనసు కుదురుగా ఉంటుందని చెప్పి మిమ్మల్ని ఆశ్రయించారు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ నుంచే మిమ్మల్ని వాయించడానికి ఒక మిడి కార్‌ట్రిడ్జ్ తగిలించి, ఎవరో చేసిపెట్టిన శబ్దాన్ని ఎంచుకుని, అదే మూడు గొంతులను ల్యాప్‌టాప్‌లోకి ముప్పై సార్లు రికార్డు చేసి, పైన గుడి మండపమంత ప్రతిధ్వని పోసి, మితత్వంలోని మాధుర్యం గురించి ఉపన్యసిస్తున్నారు. నిగ్రహాన్ని కూడా మీటరు లెక్కన కొనుక్కోవచ్చని మీ వల్లే తెలిసింది.

1985 ప్రాంతంలో బ్రిటన్‌లో కంప్యూటరు ఆటలకు సంగీతం కట్టిన రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే వంటివారు మిమ్మల్ని వాయించిన తీరు ఇది కాదు. మీరున్న కంప్యూటరులోని బేసిక్ భాషలో సంగీతానికి ఒక్క ఆదేశం కూడా లేదు. స్వరం పలకాలంటే 54272 నుంచి మొదలయ్యే మెమరీ చిరునామాల్లో అంకెలు తోయాలి. ఏ అంకె ఏ గొంతులో దేన్ని కదిలిస్తుందో కంఠస్థం ఉండాలి. ఆట విడుదల తేదీ ముంచుకొస్తుండగా, ఆటకు పోగా మిగిలిన మెమరీలో కొన్ని కిలోబైట్లు అడుక్కుని, వారు తమ వాయింపు ప్రోగ్రామును తామే అసెంబ్లీ భాషలో రాసుకున్నారు. మూడు గొంతులతో నిండైన స్వరమేళం సాధ్యం కాదు గనుక, సెకనుకు 50 సార్లు ఒకే గొంతును స్వరం నుంచి స్వరానికి దూకించి చెవిని భ్రమింపజేశారు. డప్పుకు వేరే గొంతు మిగలదు గనుక, కింది స్థాయి స్వరం మొదలయ్యే తొలి క్షణంలో రవ్వంత రొదను ఇరికించి, ఒకే గొంతు చేత ఇద్దరి పని చేయించారు. మీ భక్తులు 'సిడ్ శబ్దం' అని కళ్ళు మూసుకుని ఆస్వాదించేదానిలో సగానికి పైగా ఈ కూలి పనే. అది చిప్‌లో లేదు. వేలంలో దొరకదు. 1986లో క్రిస్ హ్యూల్స్‌బెక్ పాటలు కట్టుకునే తన సౌండ్‌మానిటర్ ప్రోగ్రామును జర్మన్ పత్రికలో అచ్చు వేయించినప్పుడు, పాఠకులు ఆ అంకెల వరసలన్నీ చేత్తో టైపు చేసుకున్నారు. ఈ మాట చెబితే ఈనాటి కొనుగోలుదారు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎక్కడ దొరుకుతుందని అడుగుతాడు.

అసలు శబ్దం కావాలి, మిమ్మల్ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ఎమ్యులేటరు పనికిరాదు అనేవారిని ఒక మాట అడగాలని ఉంది: ఏది అసలు? మీ స్వరస్థాయి కంప్యూటరు గడియారం మీద ఆధారపడింది. ఐరోపా యంత్రంలో తెర సెకనుకు 50 సార్లు, అమెరికా యంత్రంలో 60 సార్లు మారుతుంది. లండన్‌లో కట్టిన పాట న్యూయార్క్‌లో అయిదో వంతు ఎక్కువ వేగంతో, కొంచెం పై శ్రుతిలో పరిగెత్తింది. ఇద్దరూ తాము విన్నదే వేదమన్నారు. మా సంగతి వేరు. తెలుగు ఇళ్ళలో మీ దర్శనం ఎప్పుడూ దుర్లభమే. తొంభైల నాటి పిల్లలకు టీవీకి తగిలించే వీడియో గేమ్ డబ్బా పాటే తెలుసు, అది మీ వంశం కూడా కాదు. కాబట్టి మా తరం జ్ఞాపకాల బరువు మీ మీద వేయకుండా, డాగ్ లెమ్ రాసిన రెసిడ్ ఎమ్యులేటరు ఇంజన్‌తో, అభిమానులు భద్రపరచిన యాభై వేలకు పైగా పాటలను హాయిగా వింటున్నాను. ఒక్కో పాట కొన్ని కిలోబైట్లే. మీరు వేడెక్కరు, నా జేబు చల్లబడదు.

చివరిగా ఒక విన్నపం. ఇకపై ఎవరైనా మిమ్మల్ని కొని అమర్చుకుంటే, వారు మీ శబ్దస్థాయిని నిర్ణయించే 54296 చిరునామాలో తమ చేత్తో 15 అని వేసే దాకా నోరు విప్పకండి. సున్నా దగ్గర కూడా మీ గొంతు కాస్త లీకవుతుంది గనుక ఈ షరతును మీరు పూర్తిగా పాటించలేరని తెలుసు, చేతనైనంత పాటించండి.

ఇట్లు,
చిప్ లేని ఒక శ్రోత

తా.క.: కంప్యూటరుతో పాటు వచ్చిన ఇటుకరాయి లాంటి ఆ పాత పవర్ సప్లైని మీ యజమానిచేత ఈ రోజే పారవేయించండి. అది చెడిపోయేటప్పుడు 5 వోల్టుల తీగలో ఎక్కువ వోల్టులు పంపి, లోపలి చిప్‌లను కాల్చేస్తుంది.