మహారాజశ్రీ ముహూర్తం చీటీ గారికి

అయ్యా,

నిన్న నెల్లూరు పొగతోటలోని ఆస్పత్రిలో టోకెన్ నంబరు 31 పట్టుకుని మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా కూర్చున్న 36 వారాల గర్భవతిని. మీరు మా అమ్మ చేతిసంచిలో, తమలపాకుల పక్కన ఉన్నారు. నా బర్త్ ప్లాన్ ప్లాస్టిక్ ఫైల్లో ఉంది. ఎవరు గెలుస్తారో నాకు అప్పుడే తెలిసుండాల్సింది.

రెండు పేజీలండీ, పదిహేను రోజులు కూర్చుని రాసుకున్నాను. నొప్పులప్పుడు అటూ ఇటూ నడవనివ్వండి, మా ఆయన్ని పక్కన ఉండనివ్వండి, బిడ్డ బయటికొచ్చాక ఒక్క నిమిషం ఆగి బొడ్డుతాడు కొయ్యండి, నా గుండెల మీద పడుకోబెట్టండి, గంటలోపు పాలు పట్టనివ్వండి. ఆకాశంలో చుక్కలేం అడగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నవే. కాన్పు గదిలో తోడు ఒకరిని ఉండనివ్వమని సర్కారు ఆస్పత్రులకు కేంద్రం 2016లోనే చెప్పింది.

సిస్టరు ఆ కాగితాలు తిరగేసింది. చదువుతోందనుకుని ప్రాణం లేచొచ్చింది. వెనక ఖాళీ ఉందా అని చూసిందట. 'బీపీ 110/70, బరువు 68' అని రాసి ఫైల్లో దూర్చింది.

అప్పుడు వచ్చారు మీరు. చించిన క్యాలెండర్ కాగితం, మూలన పసుపు బొట్టు, నీలం పెన్నుతో 'గురువారం ఉ. 10.12 – 10.48'. డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని మరీ చదివింది. "గురువారం ఆపరేషన్ థియేటర్ ఖాళీ ఉందేమో కౌంటర్లో కనుక్కోండి" అంది. నా వైపు చూడలేదు. కౌంటర్లో ఏమైందో తెలుసా? అదే ఉదయానికి ఇంకో రెండు చీటీలు ఉన్నాయి. థియేటర్ ఒకటే. ముప్పై ఆరు నిమిషాల్లో ముగ్గురు మహారాజులు వరసగా పుట్టాలి.

ఇంటికొస్తుంటే పెన్నా బ్రిడ్జి దాటి కోవూరు చేరేదాకా ఆటోలో ఒకటే చర్చ. పుట్టిన టైము అంటే కోత పెట్టినప్పుడా, తల కనబడినప్పుడా, ఏడ్చినప్పుడా? అత్తమ్మది ఒక మాట, నాన్నది ఇంకో మాట. మా ఆయనది ఫోను. నేను నోరు తెరిస్తే అమ్మ "నీకేం తెలుసు మే, గమ్మునుండు" అంది. కడుపు నాది, కుట్లు నావి, తెలియనిది కూడా నాకే.

సరే, మర్యాద ఇక్కడితో చాలు. నీ గురువారానికి నాకు 37 వారాల 2 రోజులు. బిడ్డ తల కిందికే ఉంది, బీపీ బాగుంది, స్కానింగ్ బాగుంది. కారణం లేకుండా కొయ్యాలంటే 39 వారాలు నిండాలి, ముందే తీస్తే ఊపిరి ఆడక బిడ్డ ఇబ్బంది పడొచ్చు. ఈ సంగతి ఆ గదిలో అందరికంటే బాగా తెలిసిన మనిషే థియేటర్ ఖాళీ కనుక్కోమంది. పుట్టగానే బిడ్డని అద్దాల పెట్టెలో పెడితే అక్కడికొచ్చి నువ్వు ఊపిరి ఊదుతావా? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటులో అయితే 63. అందులో నీ వాటా ఎంతో నీకే తెలియాలి. బొడ్డుతాడు కోసే ముందు నేనడిగింది ఒక్క నిమిషం. నీకు ముప్పై ఆరు ఇచ్చారు.

మా అమ్మని ఏమనను? నేను మూలా నక్షత్రంలో పుట్టానని నాయనమ్మ ఇరవై ఏళ్ళు ఆమెని దెప్పింది. ఆ దెప్పుళ్ళు మనవరాలికో మనవడికో తగలకూడదని నిన్ను నాలుగు మడతలు పెట్టి మోసుకొచ్చింది. అందుకే నిన్ను చించలేదు.

రాత్రి ఫైలు తీసి చూశాను. నిన్ను గుండుసూదితో పైన గుచ్చారు. తీసేశాను, తీసుకెళ్ళి అమ్మ తమలపాకుల్లోనే పెట్టాను. నా ప్లాన్ మాత్రం ఉంది. వెనక సిస్టరు చేతిరాతతో నా బీపీ, బరువు ఉన్నాయి కదా, దాన్ని ఫైల్లోంచి ఎవరూ తియ్యలేరు. రేపు పొద్దున ఇంకో డాక్టరమ్మ దగ్గర టోకెన్ నంబరు 4.

ఇట్లు,
కోవూరు నుంచి, బరువు 68