రీలు పూర్తయ్యేవరకు ఆడరాదు

మా ఊరి వాట్సాప్ బృందంలో మొన్న వేసవిలో ఒక తెల్లవారుజామున, పాలవాడి సైకిలు గంట కూడా వినిపించకముందే, ఒక ప్రకటన వెలువడింది. పిల్లలలో అడుగంటిపోతున్న సృజనాత్మకతను పైకి తీయడానికి, ఆ వంకన చెదిరిపోయిన ఊరిని సామాజిక మాధ్యమాల ద్వారా మళ్ళీ ఒక్కచోటికి చేర్చడానికి, పాతకాలపు ఆటల పోటీ నిర్వహించాలని పెద్దలు తీర్మానించారట. వీడియో అరవై సెకన్లకు మించరాదు. ఫోను నిలువుగా పట్టుకుని తీయవలెను. బిడ్డ సంప్రదాయ దుస్తులలో ఉండవలెను. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి ఐదుగురు బంధువులను ట్యాగ్ చేయవలెను. లైకులు ఎవరికి ఎక్కువ వస్తే వారే విజేతలు. అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా పెద్ద అక్షరాలలో ఉన్న నిబంధన ఇది: "పిల్లలు సహజంగా ఆడుకుంటున్నట్లు కనిపించవలెను."

ఆడుకోవలెను అనలేదు, గమనించండి. ముసాయిదా రాసినవారెవరో గాని భాష మీద గట్టి పట్టున్నవారు.

మా పక్కింటివారు ఈ పోటీకి తాటిబుర్రల బండిని ఎంచుకున్నారు. కోనసీమలో పుట్టినవారికి దీన్ని వివరించడం తాతకు దగ్గులు నేర్పడమే అయినా, ఇప్పుడు దీనికి కూడా యూట్యూబులో పాఠాలు వచ్చాయి గనుక చెబుతున్నాను. ముంజలు తినేసిన రెండు బుర్రలు, వాటి నడుమ గుచ్చడానికి జానెడు పుల్ల, తోసుకుపోవడానికి ఒక పంగల కర్ర కావాలి. ఖర్చేమీ ఉండదు, కడుపులోకి ముంజలు లాభం. కాని పక్కింటాయన అమలాపురం రోడ్డు పక్కన ముంజలమ్మే మనిషి దగ్గర కారు ఆపి, "ముంజలు నువ్వే ఉంచుకో, బుర్రలు మాత్రం ఇయ్యి" అన్నాడు. ఆ మనిషి ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇలాంటి బేరం ఎరగడు. కాసేపు ఆయన ముఖంలోకి చూసి, "ఆయ్, దూడకేయడానికాండీ?" అని అడిగాడట.

తెచ్చిన బుర్రలను ఆయన టేపుతో కొలిచాడు. రెండూ సమానంగా లేవు. తాటిచెట్టుకు కొలతలు తెలియవు కదా. మరునాడు మళ్ళీ వెళ్ళి, జత కుదిరేవరకు వెతికి, ఇంకో నాలుగు తెచ్చాడు. వాటికి పసుపు రంగు పూసి, ఎర్రచుక్కలు పెట్టి, ఫ్యాను కింద ఆరబెట్టారు. హైదరాబాదులో ఉండే బావమరిది వీడియో కాల్‌లో దర్శకత్వం వహించాడు. ఇంట్లో ఉన్న గుండ్రటి దీపాన్ని కొబ్బరితోటలోకి మోసుకొచ్చి, తీగ చాలకపోతే మా వసారాలోని ప్లగ్గు నుంచి లాగారు. ఏడేళ్ళ కుర్రాడికి పట్టుపంచె కట్టి, మెడలో గొలుసు వేసి, నుదుట తిలకం దిద్ది, చేతికి పంగల కర్ర ఇచ్చారు. ఎండలో నిలబడ్డ ఆ బిడ్డను చూస్తే ఆటకు వచ్చినట్లు లేదు, వడుగుకు వచ్చినట్లు ఉంది.

మొదటి సారి పరుగెత్తినప్పుడు పంచె ఊడింది. రెండోసారి బండి తిన్నగానే వెళ్ళింది గాని వాడు నవ్వలేదు. మూడోసారి నవ్వాడు, అయితే ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్న సంగతి అప్పుడు బయటపడింది కనుక, నోరు మూసుకుని నవ్వమన్నారు. నాలుగోసారి నేనే చెడగొట్టాను. నా కొబ్బరిచెట్టు కింద నా కుర్చీలో కూర్చుని నా పేపరు చదువుకుంటూ ఉండగా, "మాస్టారండీ, కాస్త పక్కకు జరగండి, ఫ్రేములోకి వచ్చేస్తున్నారు" అని ఆ తల్లి వినయంగా కోరింది. జరిగాను. ఈ లోపల కుర్రాడు చెట్టు మొదట్లో చీమలబారు చూశాడు. పంగల కర్రతో వాటి దారికి అడ్డంగా గాడి గీశాడు. చీమలు తికమకపడ్డాయి. వాడు గాడి మీద కొబ్బరీనె ఒకటి వంతెనగా వేసి, మొదటి చీమ దానిమీద కాలు పెడుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి, పట్టుపంచె మట్టిలో పొర్లాడుతుండగా బోర్లా పడుకున్నాడు.

"ఒరేయ్! ఆ ఆటలు కట్టిపెట్టు! రీలు అయ్యేదాకా ఆడకూడదని చెప్పానా లేదా?" అని తండ్రి కేకపెట్టాడు.

పోటీ ఆశయాన్ని ఇంత క్లుప్తంగా చెప్పినవారు ఊళ్ళో మరొకరు లేరు.

సరిగ్గా అప్పుడే మా వెనక వీధి పిల్లలు నలుగురు, కొబ్బరికాయల వలుపుకు పోయే ఆడవాళ్ళ పిల్లలు, గట్టు మీదుగా తమ బండ్లు తోసుకుంటూ దూసుకొచ్చారు. వాళ్ళ చక్రాలు సమానంగా లేవు. ఒక బండికి అరిగిపోయిన చెప్పు కోసి రెండోజత చక్రాలు కూడా తగిలించారు; ఇంకోదాని మీద నీళ్ళసీసా కట్టి, దాన్ని ట్యాంకరు అంటున్నారు. నోటితోనే హారను. వీళ్ళను ముందు తరిమేశారు. తరవాత హైదరాబాదు బావమరిదికి ఆలోచన వచ్చి, సామాజిక భాగస్వామ్యం కూడా కనిపిస్తే బాగుంటుందన్నాడు కనుక మళ్ళీ పిలిచి, వెనకాల దూరంగా, మసకగా కనిపించేచోట నిలబెట్టి, చప్పట్లు కొట్టమన్నారు. తాటిబుర్రల బండి ఎలా తోలాలో తెలిసిన పిల్లలు నలుగురూ నిలబడి, తెలియని బిడ్డకు చప్పట్లు కొట్టారు.

ఆ రీలుకు బహుమతి రాలేదు. ఎవరికి వచ్చిందో ఈ డెల్టాలో ఎవరినడిగినా చెప్పగలరు: మేనమామ కువైట్‌లో ఉన్నవారికి. ఒక గదిలో కలిసి ఉండే మనవాళ్ళందరూ శుక్రవారం సెలవు పూట వరుసగా నొక్కితే, ఊళ్ళో ఎంత సృజన ఉన్నా దానికి ఎదురు నిలవదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవడానికి పదమూడేళ్ళు నిండాలని ఆ కంపెనీయే చెబుతుంది. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు వారిని పిల్లలుగానే లెక్కగట్టి, వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. పాపం, ఆ చట్టం రాసినవారు అపహరించేవాడు బయటినుంచి వస్తాడనుకున్నారు.

ఇంతవరకు నవ్వుకుంటూనే రాశాను. పోటీ ముగింపు రోజున అడ్మిన్‌గారు బృందంలో ఒక పాత ఫొటో పెట్టారు. కాలవగట్టు పక్కన ఖాళీ జాగాలో పిల్లలు బిళ్ళంగోడు ఆడుతున్న ఫొటో. కింద "ఆ రోజులే వేరు, ఈ తరానికి ఆ అదృష్టం లేదు" అని రాసి, కన్నీటి బొమ్మలు మూడు పెట్టారు. వందమందికి పైగా దండాలు పెట్టారు. ఆ జాగా నాకు తెలుసు. నేనూ అక్కడ మోకాళ్ళు పగలగొట్టుకున్నవాణ్ణే. దానికి ఇప్పుడు సిమెంటు స్తంభాలు, ముళ్ళతీగ, ఇనుపగేటు ఉన్నాయి. లోపల ప్లాట్ల రాళ్ళు పాతారు. ఆ గేటు తాళంచెవి ఎవరి మొలతాడుకు వేలాడుతోందో, ఆ కన్నీటి బొమ్మలు పెట్టింది ఆయనే. ఆ రోజులు వాటంతట అవి పోలేదండీ, మీరే కంచె వేసి తాళం పెట్టారు! ఆ కంచె దూరి బంతి కోసం వెళ్ళిన కుర్రాణ్ణి మీ కాపలావాడు చెవి మెలిపెట్టి ఈడ్చుకొచ్చిన రోజున ఈ నూరు దండాలలో ఒక్కటైనా లేవలేదేం? పిల్లలకు ఆడుకునే హక్కు ఉందని బాలల హక్కుల ఒడంబడిక 1989లోనే, 31వ అధికరణంలో రాసింది; మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. బడి అన్నాక ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో ఉంది. మా ఊళ్ళో ఒక బడి రైసుమిల్లు మేడమీద నడుస్తోంది. అక్కడి పిల్లలు విరామంలో మెట్లమీద ఎక్కిదిగుతారు, అదీ వరుసలో. ఇంకో బడికి మైదానం ఉంది గాని, దాళ్వా కోతలప్పుడు అందులో ధాన్యం ఎండుతుంది, మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళకొచ్చిన కార్లు ఎండుతాయి. సృజనాత్మకత ఎక్కడికి పోయిందని వెతుకుతూ బృందాలు పెట్టడమెందుకు, గేటు తీయండి.

ఈ మాట బృందంలో రాశాను. రాజకీయాలు మాట్లాడరాదని అడ్మిన్‌గారు తొలగించారు.

పక్కింటివారి బండి అద్దాల బీరువాలో, కుర్రాడికి అందని అరలో చేరింది. నాలుగో రోజుకు బుర్రలు కుళ్ళి, పసుపు రంగు కిందనుంచి నల్లటి రసం కారి, ఇల్లంతా వాసన కొట్టింది. "జ్ఞాపికను చెడిపోకుండా ఉంచే ప్రకృతి సిద్ధమైన చిట్కా చెప్పగలరు" అని ఆ తల్లి బృందంలో అడిగింది. ఒకరు వార్నిషు అన్నారు, ఒకరు కలరా ఉండలన్నారు, ఒకరు ఫ్రిజ్ అన్నారు.

నిన్న రెండో విడత పోటీ ప్రకటించారు. ఈసారి వాన నీటిలో కాగితం పడవలు. వానలు పడి, జూన్‌లో కాలవలకు నీళ్ళు వదిలేవరకు ఆగితే బడులు తెరిచేస్తారు కనుక, ఈ నెలాఖరుకే ముగించాలట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి గోదావరి మా గుమ్మం దాకా వచ్చిన నూటడెబ్బై ఏళ్ళ తరవాత, కమిటీవారు పడవలకోసం నీళ్ళ ట్యాంకరు మాట్లాడారు. వాన కురుస్తున్నట్లు కనిపించడానికి పైనుంచి పైపు పట్టుకునే బాధ్యత వెనక వీధి పిల్లలకు అప్పగించారు. పడవలు తడిసిపోకుండా ముందే లామినేషను చేయించి తేవాలని తల్లిదండ్రులకు మనవి.