లీజు కాగితం మీద సంతకం మనదే

మొన్న అమెరికాలో మన తెలుగు సంఘం జరుపుకున్న సంక్రాంతి సంబరాల్లో వేదిక మీద వేసిన గోదావరి సెట్టింగు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెనక కొబ్బరిచెట్లు, కాలువ గట్టు, లాకులు, నాటు పడవ. పిల్లలు పట్టు లంగాలు కట్టుకుని గొబ్బెమ్మల చుట్టూ పాడుతుంటే హాలంతా ఫోన్లెత్తి వీడియోలు తీసింది. అలంకరణ కమిటీ వాళ్ళు రాత్రిళ్ళు కూర్చుని చేసిన పని అది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి మనసారా మెచ్చుకున్నాను కూడా. ఆ తర్వాత భోజనాల వరసలో మా ప్రాంతం మనిషే ఒకాయన, ఏళ్ళుగా తెలిసినవాడు, చెయ్యి పట్టుకుని అన్న మాట మాత్రం ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు.

"మీ బాబాయిగారొక్కరే మొండికేశారండి. చుట్టూ అందరం రొయ్యల చెరువులకిచ్చేశాం. ఆయన కూడా ఇచ్చేస్తే బ్లాకంతా ఒకటే అయిపోద్ది, లీజు కూడా పెరుగుద్ది. మీరొక మాట చెప్పండి."

మా బాబాయి పొలం పాలకొల్లుకు దిగువన, కాలువ శివారులో ఉంది. మూడెకరాలు. తాత పంచి ఇచ్చినప్పటి నుంచి సార్వా, దాళ్వా వరి తప్ప ఆ నేల ఇంకోటి ఎరగదు. ఇప్పుడు దానికి మూడు వైపులా రొయ్యల చెరువులు, నాలుగో వైపు పంట బోదె, అంటే చేలకు నీరిచ్చే పిల్ల కాలువ. 2009లో మన దేశంలో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక మా వైపు ఈ జోరు మొదలైంది. అక్కడ పెరగని పిల్లలు కూడా ఈ పత్రిక చదువుతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చెరువంటే ఉత్త గొయ్యి కాదు. పొలంలో మట్టి తీసి చుట్టూ ఎత్తుగా గట్లు పోస్తారు. నీటి మట్టం పక్క చేను కంటే పైన ఉంటుంది. వనామీకి కొంత ఉప్పదనం కావాలి. ఉప్పుటేరు దగ్గర్లో లేకపోతే బోరు వేసి లోపలి ఉప్పునీరు తోడతారు. ఆ నీరు పగలూ రాత్రీ గట్టు అడుగు నుంచి పక్క చేలోకి ఊరుతూనే ఉంటుంది.

ఒక సార్వాకి ఊడ్పులయ్యాక గట్టు వైపు మొక్కల కొసలు ఎర్రబారాయి. జింకు లోపమనుకుని బాబాయి జింకు వేశాడు. తగ్గలేదు. మడి మార్చి చూశాడు, విత్తనం మార్చి చూశాడు. ఆఖరికి మట్టి పరీక్ష చేయిస్తే తేలింది, ఉప్పు. వరి ఉప్పును ఓర్చుకోలేని పైరు, ముఖ్యంగా నాట్లప్పుడూ పొట్ట దశలోనూ. దానికి మందేమిటంటే మంచినీళ్ళు నిండా పెట్టి, ఆ నీటిని బయటికి తీసేసి, మళ్ళీ పెట్టడం. శివారు పొలానికి కాలువ నీరు అందేదే అందరికంటే ఆఖరున. పోనీ ఎలాగో పెట్టినా, తీసేయడానికి దారేది? ఆ పొలం మురుగు పోయే పాత కోడు చెరువు గట్టు కింద పూడిపోయింది. కార్తీకంలో వాయుగుండం వస్తే కోతకొచ్చిన చేను రోజుల తరబడి నీళ్ళలోనే నానుతుంది.

పట్టుబడి రోజు సంగతి వేరు. రొయ్యను తీయడానికి తూము ఎత్తి చెరువు ఖాళీ చేస్తారు. కిలో రొయ్య పెరగడానికి కిలోంబావు నుంచి కిలోన్నర దాకా మేత పడుతుంది. రొయ్య తినగా మిగిలిందీ, దాని మలమూ అడుగున నల్లటి బురదవుతాయి. ఆ నీరు మురుగు కాలువకు పోవాలి. మా దగ్గర పంట బోదెలోకి వదిలారు, అదే దగ్గర కాబట్టి. బాబాయి వెళ్ళి అడిగితే చెరువు చేసే అతను, "మాదేవుందండి, ఓనరుగారు అమెరికాలో ఉన్నారు, ఆయన్నడగండి" అన్నాడట. అమెరికా ఓనరుగారికి ఫోన్ చేస్తే, "లీజుకిచ్చేశాక నాకేం సంబంధం బాబాయిగారూ, వాళ్ళతో మాట్లాడుకోండి" అన్నాడు. వయసు పైబడ్డ మనిషి, బురద కాళ్ళతో గట్టు మీద నిలబడి ఫోన్ పట్టుకుని ఇద్దరి మధ్యా తిరిగాడు.

పిన్ని బాధ ఇంకోటి. పెరటి బోరు నీళ్ళతో పప్పు ఉడకడం లేదు. గోదావరి పాయల మధ్య ఉన్న ఊళ్ళో ఎసట్లోకి కూడా టిన్ను నీళ్ళు కొంటున్నారు. కొన్నాళ్ళకు గేదెనూ అమ్మేశారు.

నేను రొయ్యల రైతుకు శత్రువును కాను. ధాన్యం పండించి గట్టెక్కలేకనే కదా 2011లో కోనసీమ రైతులు నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించింది. పైరు మీద చల్లిన విషం తక్కువా? 2011లో సుప్రీంకోర్టు ఆపేదాకా ఎండోసల్ఫాన్ పురుగుమందు కొట్టినవాళ్ళం. వరి కౌలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ లీజు వస్తుంటే, ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల మందులకు ఆ డబ్బు సరిపోతుంటే, వద్దనడం ఎవరికైనా కష్టం. పాపమంతా చెరువుదే అని కూడా అనను. పైన కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి డెల్టాకు చేరేది తగ్గింది. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. 2014లో కోనసీమలోని నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలి నిద్రలో ఉన్నవాళ్ళు కాలిపోయారు. భీమవరం మీదుగా పోయే యనమదుర్రు కాలువలోకి ఊళ్ళ మురుగు ఎంత కలుస్తుందో అటు వెళ్ళినవాళ్ళకు తెలుసు.

మన అలవాట్లనూ నిష్పక్షపాతంగానే చూస్తున్నాను. కాలువ రేవులో గేదెల్ని కడిగాం, బట్టలుతికాం, కార్తీకంలో అరటి దొప్పల్లో దీపాలు వదిలాం, వినాయకుణ్ణి పత్రితో సహా కలిపేశాం. మట్టి, ఆకు, వత్తి, పేడ, అన్నిటినీ ఆ కాలువ కడుపులో దాచుకుంది. ఇప్పుడు అదే రేవులో ప్లాస్టిక్ గ్లాసులు, థర్మోకోల్ పళ్ళేలు గుర్రపుడెక్కకు చిక్కుకుని తేలుతున్నాయి. పంచాయతీ ట్రాక్టరు, నలుగురు మనుషులు ఉంటే వాటిని ఏరేయవచ్చు. చేలో దిగిన ఉప్పును ఏరడం మాత్రం ఎవరి తరమూ కాదు.

చట్టం లేక కాదు. వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని 1996 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, 2020లో రాష్ట్రమూ ఒక అథారిటీ పెట్టింది. అయినా కాగితం చేను గట్టు దాకా రావడానికి ఏళ్ళు పడుతుంది. కొల్లేరులో చెరువులు నిండిపోయాక గానీ 2006లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి గట్లు కొట్టలేదు. అప్పటికి సరస్సు ఎంత కుంచించుకుపోయిందో చూశాం.

ఇక్కడ మన వంటింటి సంగతి కూడా చెప్పాలి. అమెరికాకు ఏళ్ళుగా రొయ్యలు ఎక్కువగా పంపుతూ వచ్చిన దేశం మనదే, ఇండియా నుంచి వచ్చే రొయ్యల్లో ఎక్కువ పెరిగేది ఆంధ్రాలోనే. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాళ్ళు దొరికితే ఇక్కడి అధికారులు సరుకును ఓడరేవులోనే ఆపేస్తారు. మన ఫ్రీజర్లోకి వచ్చే రొయ్యకు అంత కాపలా ఉంది. అది పెరిగిన చెరువు నీళ్ళు బోదెలో కలిస్తే, వేసవిలో కాలువలకు నీరు కట్టేసే ముందు ఆ బోదె నుంచే మంచినీళ్ళ చెరువు నింపుకునే దిగువ ఊరికి ఎవరు కాపలా? 2025లో టారిఫ్‌లు పెరిగినప్పుడు మన వాట్సాప్ గ్రూపులో రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) రేట్ల మీద రోజంతా టెన్షన్ పడ్డారు. నీళ్ళ గురించి ఒక్క మెసేజీ కనిపించలేదు.

అందుకే నా మాట ఊళ్ళో రైతుతో కాదు, పొలాన్ని అక్కడ వదిలేసి లీజు డబ్బు తీసుకునే మనతోనే. ఓనరుకి సంబంధం లేదనడం కుదరదు. పొలం మన పేరున ఉంది, అద్దె మన ఖాతాలో పడుతోంది, కాగితం మీద సంతకం మనదే. షరతు పెట్టగలిగే చోటు కూడా అదే. లీజు మళ్ళీ రాసేటప్పుడు కొన్ని వాక్యాలు చేర్చమని చేతులెత్తి అడుగుతున్నాను. చెరువు నీరు మురుగు కాలువకే వదలాలి, పంట బోదెలోకి వదిలితే లీజు రద్దు. గట్టుకూ పక్క చేనుకూ మధ్య ఊట కాలువ తవ్వాలి. ఉప్పునీటి బోరు వేయకూడదు. పాత మురుగు కోడును ఎవరూ పూడ్చకూడదు. చెరువు రిజిస్ట్రేషన్ కాగితం చూపించాకే డబ్బు తీసుకోవాలి. వరి చేల నడుమ ఉన్న ముక్క అయితే అసలు చెరువుకే ఇవ్వకండి. లీజు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఇది చెరువు రైతుకూ మేలే. ఒకడు వదిలిన రోగపు నీటిని పక్కవాడు తోడుకోవడం వల్లనే 1990లలో తెల్లమచ్చ వైరస్ చెరువు నుంచి చెరువుకు పాకి అప్పట్లో పెంచిన టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది.

2027 గోదావరి పుష్కరాల కోసం మన సంఘం నిధి పోగుచేస్తోంది. ఊరి ముఖద్వారాలకు, విగ్రహాలకు ప్రతిపాదనలు వచ్చాయని విన్నాను. కార్యవర్గానికి నా మనవి: అందులోంచి శివారు ఊళ్ళలో బోదె నీటికీ మంచినీళ్ళ చెరువులకూ ఏటా పరీక్షలు చేయించే ఖర్చు ముందు తీయండి. ఫలితాలు పంచాయతీ గోడ మీదా, మన పత్రికలోనూ వేయండి. లీజు షరతుల నమూనా ఒకటి తెలుగులో రాయించి సభ్యులందరికీ పంపండి. ఊళ్ళో పనిచేసే న్యాయవాది ఒకరితో మాట్లాడి ఉంచాను, డబ్బు తీసుకోకుండా రాసిస్తానన్నారు. ఉగాది సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడుతున్నాను. బలపరచడానికి సభ్యులు కావాలి. డెల్టాలో చెరువుకిచ్చిన పొలం ఉన్నవాళ్ళు ముందుకొచ్చి బలపరిస్తే ఊళ్ళో దానికి విలువుంటుంది.