ఈక్వినాక్స్ మెసేజ్ పంపినోళ్ళందరికీ

మూడు రోజుల్లో ఆ మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది. ఫ్యామిలీ గ్రూపులో రెండు, టెన్త్ బ్యాచ్ గ్రూపులో నాలుగు, చివరికి మా పాలాయన కూడా పంపించాడు. చూడనోళ్ళు మిగిలుంటే విషయం ఇదీ: ఈక్వినాక్స్ (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు) వల్ల 22 నుంచి 26 దాకా ఎండ 50 డిగ్రీలకు పోతుంది. సూర్యుడు భూమికి దగ్గరగా వచ్చాడు. అసలు ఉష్ణోగ్రతను ప్రభుత్వం దాస్తోంది. బండికి ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే పేలుతుంది. ఇంకో 45 రోజులు చినుకు పడదు. ఎండలోంచి వచ్చి చల్లటి నీళ్ళు తాగితే నరాలు చిట్లిపోతాయి. కింద 'ఒక డాక్టరు గారు' అని సంతకం.

తేలికవి ముందు. ఈక్వినాక్స్ మార్చి 20నో 21నో అయిపోయింది, మళ్ళీ సెప్టెంబరులోనే. మెసేజ్‌లో తేదీలున్నాయి, నెల లేదు. అందుకే ఏటా వేపచెట్టులా చిగురిస్తోంది. సూర్యుడు మనకు దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, తిరుమల కొండ మీద స్వెట్టర్లు లేకుండా క్యూలో నిలబడలేని రోజుల్లో. పెట్రోలు దానంతటదే అంటుకోవాలంటే రెండొందల డిగ్రీలు దాటాలి. ఆ ఎండే వస్తే బండి కోసం ఏడవడానికి మనముండం సామీ.

దాస్తున్నారట! దాచేవాళ్ళే అయితే ఎండలకు పేరుమోసిన రెంటచింతల అనే ఊరు ఉందని మనకెలా తెలిసింది? మైదాన ప్రాంతంలో 45 తాకితే వడగాలులని ప్రకటించే లెక్క పెట్టుకున్నది వాతావరణ శాఖే. కారులో 48 చూపించిందని ఎవరో గ్రూపులో ఫొటో పెట్టారు. ఆ కారు తారురోడ్డు మీద ఉంది, పక్కనే ఇంజను. అబ్జర్వేటరీలో థర్మామీటరు నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడన ఉంటుంది.

అయితే ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఆ నీడలోని అంకె బస్టాండు బయట పూలమ్ముకునే ఆమెది కాదు. తారు సెగ, గోడ సెగ కలిపి ఆమె ఒంటికి తగిలేది ఆ కారు చూపించిన దానికే దగ్గరగా ఉంటుంది. 'పేపర్లో వేసేదానికన్నా ఎక్కువగా ఉంది' అని జనం అనడం అబద్ధం కాదు. దానికి కుట్ర కథ అల్లడమే అబద్ధం.

45 రోజుల జోస్యం సంగతి. పగలంతా మండి, సాయంత్రం ఉరుములతో గాలివాన కొట్టి తోతాపురి కాయల్ని రాల్చేయడం చిత్తూరు రైతుకు కొత్తా? అది ఏ ఊళ్ళో పడుతుందో వారం ముందు చెప్పడమే కష్టం. తిరుపతి దగ్గర గాదంకి పరిశోధన కేంద్రంలో రాడార్లు పెట్టుకుని ఆకాశాన్ని చదివేవాళ్ళు కూడా వేయని లెక్క ఈ పేరులేని డాక్టరు వేసేశాడు. మనకు పెద్ద వానలు ఎలాగూ అక్టోబరు, నవంబరుల్లోనే.

ఇక నాకు ఒళ్ళు మండింది నీళ్ళ దగ్గర. మొన్న మా అవ్వ మధ్యాహ్నం రెండింటికి మార్కెట్ నుంచి వచ్చి, మొహం ఎర్రబడి, అరగంట గోడకానుకుని కూర్చుంది. నీళ్ళిస్తే వద్దంది. "ఫోన్లో చెప్పినారంట, నరాలు చిట్లుతాయంట." డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి! గ్లాసుడు చల్లటి నీళ్ళకు నరాలు చిట్లవు, మహా అయితే కాసేపు తలో కడుపో పట్టేస్తుంది. చెమట కారిపోయిన ఒంటికి నీళ్ళు ఆపడమే ప్రమాదం. వడదెబ్బ తగిలి ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతుంటే అసలు వైద్యమే చల్లబరచడం: నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ, మెడకూ చంకలకూ ఐసు పెట్టి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో మాత్రం పోయకూడదు. ఈ మెసేజ్ నమ్మినవాడు ఆ తడపడానికే భయపడతాడు. పది మందికి పంపండి అంటారా? లీటరు నీళ్ళకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. ఇది పంపండి.

పన్నెండు నుంచి మూడు దాకా బయట తిరగొద్దన్నది మాత్రం నిజమే, మెసేజ్ చివరి లైన్లో ఉంది. పూలమ్మే ఆమెకు ఎవరు చెబుతారో.

అవ్వకు ఇదంతా చెప్పాను. ఇప్పుడు రాగానే నీళ్ళు తాగుతోంది, కానీ కుండలోవే. ఫ్రిజ్ నీళ్ళకు పళ్ళు జివ్వుమంటాయంట. అది ఖండించడం నా వల్ల కాలేదు.