వీల్‌చైర్‌కి కెమెరా బిగించేటప్పుడు

ఏటా డిసెంబర్ 3న అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం వస్తే దివ్యాంగుల మీద కథనాలు వరస కడతాయి. అందులో ఫోటోలు తీసేవాళ్లుంటే ‘వైకల్యాన్ని జయించి’ అన్న శీర్షిక ఖాయం. కెమెరా దేనికి బిగించారు, బటన్ ఎలా నొక్కారు అన్నది మాత్రం ఎవరూ రాయరు. చాలామంది ఆగిపోయేది సరిగ్గా అక్కడే. దాదాపు అన్ని కెమెరాలకూ ఫోటో తీసే షట్టర్ బటన్ కుడివైపే ఉంటుంది. కుడిచెయ్యి పనిచేయని మనిషికి ఎంత పట్టుదల ఉన్నా అది ఎడమవైపుకు రాదు. కావలసింది ఒంటికి తగిన సామాను, కెమెరాతో చేరుకోగలిగే చోటు.

మొదలుపెట్టడానికి ఫోనే మేలు. బరువు 200 గ్రాములకు అటూ ఇటూ. కొన్నప్పుడు వెంట వచ్చే కిట్ లెన్సుతో కలిపి చిన్న డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చుకునే కెమెరా) కూడా 700 గ్రాముల దాకా తూగుతుంది. సత్తువ లేని చేతికి ఆ అరకిలో తేడా చాలా పెద్దది. వాల్యూమ్ బటన్ ఉన్న వైరు ఇయర్‌ఫోన్ పెడితే చాలా ఫోన్లకు అదే రిమోట్. శామ్‌సంగ్ ఫోన్లలో వాయిస్ సెట్టింగ్ ఆన్ చేసి ‘షూట్’ అన్నా ఫోటో పడుతుంది. తిరనాళ్ల గోలలో అది పనిచేయదు, అక్కడికి బ్లూటూత్ రిమోట్ తీసుకెళ్లాలి.

ఇక బిగింపు. వీల్‌చైర్ గొట్టం సాధారణంగా 22 నుంచి 25 మిల్లీమీటర్ల లావుంటుంది. సైకిల్ హ్యాండిల్‌కి పట్టే క్లాంపు దీనికీ పడుతుంది. చెయ్యి ఆనించుకునే, ఊడదీసే బద్దకు మాత్రం బిగించొద్దు, అది వదులుగా ఉండి ఊగుతుంది. దాని కింద నిలువు గొట్టానికి బిగించాలి, అదీ మనిషి మంచం మీదికి మారే వైపు కాకుండా రెండో వైపున. క్లాంపు నుంచి కెమెరా దాకా ఉండే కడ్డీ 20 సెంటీమీటర్లు దాటితే బొమ్మ కదులుతుంది. బ్రేకు వేసినా గుడ్డ సీటు మీద ఊపిరికి కుర్చీ అదురుతూనే ఉంటుంది. అందుకే షట్టర్ వేగం 1/250 సెకను కంటే నెమ్మదిగా ఉండకూడదు, రెండు సెకన్ల టైమర్ పెట్టుకోవాలి. చేతులు వణికేవాళ్లయితే 1/500 పెట్టి వరసగా పది తీస్తే ఒకటి రెండు స్పష్టంగా వస్తాయి.

వేళ్లు అసలే కదలనివాళ్లకు తలతోనో మోచేత్తోనో నొక్కే స్విచ్‌లున్నాయి. వాటి జాక్ 3.5 మిల్లీమీటర్లు, క్యానన్ చిన్న డీఎస్ఎల్ఆర్‌ల రిమోట్ రంధ్రం 2.5. మధ్యలో కన్వర్టర్ పెట్టాలి. అయితే ఇక్కడో తిరకాసు ఉంది. కెమెరా లోపల ఫోకస్‌కి, షట్టర్‌కి తీగలు వేరు. స్విచ్‌ది రెండే తీగలుండే మోనో జాక్ కావడంతో ఫోకస్ తీగ ఎప్పుడూ ఎర్త్‌కి తగిలే ఉంటుంది. బటన్ సగం నొక్కి పట్టుకున్నారనుకుని కెమెరా మొదటి ఫోకస్ దగ్గరే ఆగిపోతుంది, బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. కెమెరా చెడిపోయిందని దుకాణానికి పట్టుకెళ్తారు. లెన్సును మాన్యువల్ ఫోకస్‌లో పెడితే సరిపోయేదానికి!

ఒంటి సంగతి ఇంతకంటే ముఖ్యం. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు పనిలో పడి కదలకుండా కూర్చుంటే పిర్రల మీద పుండ్లు పడతాయి, ఒకసారి పడితే మానడానికి నెలలు పడుతుంది. 15 నుంచి 30 నిమిషాలకోసారి ఒరిగి బరువు మార్చుకునేలా ఫోన్‌లో అలారం ఉండాలి. దెబ్బ వెన్నుపాము పైభాగంలో తగిలితే దాని కింద చెమట సరిగా పట్టదు, ఒళ్లు చల్లబడదు. కడప ఎండల్లో అది ప్రాణానికే ముప్పు. వేసవిలో ఉదయం ఎనిమిదికల్లా నీడలోకి వచ్చేయాలి. నీళ్లు చిమ్మే సీసా, తడిగుడ్డ దగ్గరుంచుకోవాలి.

బయటికి వెళ్లలేని రోజున ఇంట్లోనే స్టూడియో. జిల్లాలో కడప బండ లేని ఇల్లు అరుదు. పాలిష్ బండ మీద వేరుశనగ కాయలో, ఇత్తడి చెంబో పెట్టి పక్క కిటికీ తెరిస్తే వస్తువు ప్రతిబింబం నల్లని నీళ్లలో పడ్డట్టు కనిపిస్తుంది. కిటికీకి ఎదురుగా తెల్ల థర్మాకోల్ అట్ట నిలబెడితే చీకటి వైపు వెలుగు వస్తుంది. రెండడుగుల చదరం, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న బండ సుమారు 20 కిలోలుంటుంది కాబట్టి ఒకసారి కుదురుగా వేయించి వదిలేయాలి. దాని కింద మోకాళ్లు పట్టేందుకు కనీసం 70 సెంటీమీటర్ల ఖాళీ కావాలి.

ఇంటి నుంచే అన్నీ తీయమనడం మాత్రం న్యాయం కాదు. గండికోటకు వెళ్లే ప్రతివాళ్లూ తీసే ఫోటో పెన్నా లోయది. అంచు చేరాలంటే బండరాళ్లు ఎక్కి దిగాలి, వీల్‌చైర్ అక్కడే ఆగిపోతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ కళల్లో, వినోదంలో సమానంగా పాల్గొనే హక్కుకు ప్రభుత్వాలనే బాధ్యుల్ని చేసింది. గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులోంచి లోయ అంచు దాకా చదును దారి, చివర ఒక వేదిక అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. దారి వాలు 1:12 మించకూడదు, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. కూర్చున్న మనిషి కంటి ఎత్తు సుమారు 115 సెంటీమీటర్లు, కుర్చీకి బిగించిన లెన్సు ఇంకా కిందే, 90 దగ్గర ఉంటుంది. వేదికకు మీటరు ఎత్తు రాతి గోడ కడితే అంతదూరం వచ్చినా లెన్సుకు దొరికేది గోడే. అడుగున్నర వరకు గోడ కట్టి, ఆపైన నిలువు కమ్మీలు పెట్టాలి.