బటన్ పీకేసి అద్దం అతికిస్తే కొత్తదనమా?

అన్నం పొంగి గంజి ఇండక్షన్ స్టవ్ మీద పడిందా, అంతే! కీచుమని అరుస్తూ ఆగిపోతుంది. అమ్మ తడి వేలితో ఎంత నొక్కినా పలకదు. కొంగుతో స్టవ్ తుడిచి, వేలు తుడుచుకుని, మళ్లీ నొక్కాలి. టచ్ ప్యానెల్‌కి నీటిచుక్కకీ వేలికీ తేడా తెలియదు. మరి నీళ్లు తగలని వంటగది ఎక్కడుంది?

వాషింగ్ మెషీన్ అంతే, గీజర్ అంతే. చూపు లేనివాళ్లు ఆ నున్నటి అద్దం మీద ఏం తడుముకోవాలి? వాళ్లు మనుషులు కారా?

ఇక కార్లు! ఏసీ తగ్గించాలన్నా స్క్రీన్‌లో మెనూలు వెతకాలి. అప్పుడు రోడ్డు ఎవరు చూస్తారు? యూరప్‌లో కొత్త కార్ల భద్రతని పరీక్షించి రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ వాళ్లకే ఒళ్లు మండింది. ఇండికేటర్, హారన్, వైపర్లు, హజార్డ్ లైట్లకి చేతికి తగిలే బటనో మీటో లేకపోతే 2026 నుంచి భద్రతా రేటింగ్‌లో మార్కులు కోస్తామన్నారు. అంతదాకా రావాలా?

ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఏ డిజైన్ కాలేజీలోనూ చదవలేదు. పోచంపల్లి చీరకి ఆసు పోస్తూ, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ, చెయ్యి వేలసార్లు ఆడించి, భుజం నొప్పితో అల్లాడుతున్న తల్లిని చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. సృజన అంటే నాకు అదీ! లక్షల జీతాలు తీసుకుని ఈ అద్దాలు గీస్తున్నవాళ్లు ఎవరి చెయ్యి చూసి గీస్తున్నారు?